షుగర్ పుండుకు ఆక్సిజన్ థెరపీ అని డబ్బు కట్టించుకున్న మీ సెంటర్‌పై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: మా నాన్నగారికి ఇచ్చిన హైపర్‌బారిక్ ఆక్సిజన్ థెరపీ (ఎక్కువ ప్రెషర్‌లో ఆక్సిజన్ పీల్పించే చికిత్స), కట్టిన 75,000 రూపాయల వాపసు గురించి.

నమస్కారం. మా నాన్నగారికి 67 ఏళ్లు, 20 ఏళ్లుగా షుగర్ ఉంది. ఎడమ కాలి బొటనవేలి కింద పుండు మూడు నెలలైనా మానలేదు. షుగర్ పుండ్లు మాన్పుతామని మీ కరపత్రంలో పెద్దక్షరాలతో ఉంటే నమ్మి హనుమకొండ నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాను. 30 సెషన్ల డబ్బు ముందే కట్టించుకున్నారు. గాలి నింపి జిప్ వేసే సంచి లాంటి చాంబర్‌లో నాన్నను ఉంచేవారు.

ఆరో రోజు నాన్న లోపల్నుంచి కిటికీ మీద కొట్టారు. మీ దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్‌లో ఉంది, నేను అరిస్తే వచ్చింది. గాలి దింపి జిప్ తీసేసరికి నాన్న చొక్కా వీపంతా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. నా బ్యాగులో ఉన్న మెషీన్‌తో చూస్తే షుగర్ 54. మీ దగ్గర స్పూను చక్కెర కూడా లేదు, కింద టీ కొట్టుకు పరిగెత్తాను. ఆ రోజు షుగర్ ఎందుకు పడిందో నేను వాదించను. ఈ థెరపీలో షుగర్ పడిపోవచ్చు కాబట్టి ఆసుపత్రుల్లో లోపలికి పంపేముందు వేలు గుచ్చి చూస్తారు. మీరు ఆరు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు. చెవులు నొప్పెడుతున్నాయంటే ఉమ్మి మింగమని కూడా ఎవరూ చెప్పలేదు.

తర్వాత సర్జన్ గారికి చూపిస్తే ఆయన మొదట అడిగింది ప్రెషర్ ఎంతని. మీ కౌంటర్‌కి ఫోన్ చేస్తే 1.3 అట్మాస్ఫియర్లు, అంటే మామూలు గాలి ప్రెషర్‌కు 1.3 రెట్లు, అన్నారు. పుండ్లకు చేసే అసలు చికిత్సలో గట్టి చాంబర్‌లో 2 నుంచి 2.4 అట్మాస్ఫియర్ల ప్రెషర్ పెట్టి, సుమారు 90 నిమిషాలు 100 శాతం ఆక్సిజన్ పీల్పిస్తారట. అప్పుడు ఆక్సిజన్ రక్తంలోని నీటిలోనే కరిగి, సన్నబడిన నాళాలు దాటి పుండు దాకా చేరుతుంది. మీ సంచి లోపలి ప్రెషర్ మూడు మీటర్ల నీటి అడుగున ఉన్నంతే. అసలు చికిత్స చేసినా పుండు శుభ్రం చేయడం, యాంటీబయాటిక్స్, కాలి మీద బరువు పడకుండా చూడటం, కాలికి రక్తం ఆడుతోందో లేదో పరీక్షించడం తప్పవు. మీరు కట్టు విప్పి పుండు ఎలా ఉందో కూడా చూడలేదు. ఇది నాకు అన్నిటికంటే బాధ. ఆ ఆరు రోజులూ నాన్న కాలికి విలువైనవి.

ఇంకొకటి. నాన్న తలకు కొబ్బరినూనె, ఒంటిమీద పాలిస్టర్ చొక్కా, జేబులో సెల్‌ఫోన్‌తో లోపలికి వెళ్లారు. ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. 2025 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో చాంబర్‌లో మంటలు లేచి ఐదేళ్ల బాబు చనిపోయాడు. మీ కరపత్రంలో ఆటిజం పిల్లలకు కూడా పనిచేస్తుందని రాశారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆటిజానికి దీన్ని ఆమోదించలేదు, 2013లోనే తల్లిదండ్రులను హెచ్చరించింది.

కట్టిన మొత్తం 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. షుగర్ పుండ్లు, ఆటిజం గురించి రాసిన ఆ రెండు మాటలూ కరపత్రంలోంచి తీసేయండి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. రసీదులు, షుగర్ మెషీన్ ఫోటో నా దగ్గరున్నాయి.

ఆ రోజు మా తర్వాత కాలికి కట్టుతో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఆయనకు ఈరోజే ఫోన్ చేసి కాలు సర్జన్‌కి చూపించుకోమని చెప్పండి. నంబర్ మీ రిజిస్టర్‌లో ఉంటుంది.

ఇట్లు,
పేషెంట్ కూతురు,
హనుమకొండ