ఆ సంఖ్యకు సవరణ వేయండి

సంపాదకులు గారికి,

ఇప్పటిదాకా తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య దొరికిందని గత నెలాఖరులో మీరు వేసిన వార్త చూసి మొదట సంతోషించాను. దీపావళి హడావిడిలో రాయడం ఆలస్యమైంది. తీరా చదివితే, ఆ సంఖ్యను 2136279841-1 అని అచ్చేశారు! 2 మీద చిన్నగా ఉండాల్సిన ఘాతాంకాన్ని (2ను ఎన్నిసార్లు వేసి గుణించాలో చెప్పే 136279841ని) కిందికి దించి పక్కన అతికించేశారు. అలా చదివితే వచ్చేది 2136279840. చివర సున్నా ఉంటే పదితో భాగించవచ్చని అయిదో తరగతి పిల్లలకూ తెలుసు. అది ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది? రాసినవారికి, దిద్దినవారికి, పేజీ పెట్టినవారికి ఒక్కరికైనా అనుమానం రాలేదా?

అసలు సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. పేజీకి అయిదు వేల అంకెలు వేసినా ఎనిమిది వేల పేజీలు దాటుతుంది. మీరేమో 'నాలుగు కోట్ల విలువైన సంఖ్య' అన్నారు. అంత పెద్దదైనా దాని చివరి అంకెను పెన్సిలుతో తేల్చవచ్చు. 2 ఘాతాల చివర 2, 4, 8, 6 వరసగా తిరిగి తిరిగి వస్తుంటాయి. 136279841ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి చివర 2 వస్తుంది. అందులోంచి ఒకటి తీసేస్తే 1. సున్నా రానే రాదు.

ఘాతాంకం ప్రధాన సంఖ్య అయితే చాలు, ఫలితమూ ప్రధాన సంఖ్యే అని రాయడం ఇంకా ఘోరం. 11 పెట్టి చూడండి, 2047 వస్తుంది. అది 23, 89ల లబ్ధం. అంత తేలికైతే 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ఇలాంటి ప్రధాన సంఖ్యలు, అంటే మెర్సెన్ ప్రధాన సంఖ్యలు, ఇప్పటికి 52 మాత్రమే ఎందుకు దొరుకుతాయి? 2018 తర్వాత మళ్లీ ఒకటి దొరకడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. దాన్ని కనిపెట్టిన లూక్ డ్యురాంట్ 17 దేశాల్లోని కంప్యూటర్లతో వెతికించాడు. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ 6, 28, 496 లాంటి ఒక పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చేది) వస్తుందని యూక్లిడ్ రెండు వేల ఏళ్లకు ముందే నిరూపించాడు. వార్తలో ఆ ఊసే లేదు.

క్రికెట్ స్కోరులో ఒక్క పరుగు తప్పు పడితే మర్నాడే సవరణ వేస్తారు. రవాణా శాఖ 9999 నంబరును లక్షలకు వేలం వేస్తే ఫొటోతో సహా వార్త. డిసెంబరు 22 వస్తోంది, అధికారులు రామానుజన్ ఫొటోకు దండ వేసి 1729 గురించి రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతారు. లెక్కల టీచరు లేని బడిలో తెలుగు మాస్టారు లెక్కలు చెబుతున్న సంగతి ఏ అధికారికీ పట్టదు.

గ్రూప్స్‌కు చదివేవాళ్లు మీ పేపరు చూసే కరెంట్ అఫైర్స్ నోట్సు రాసుకుంటారు. మా లైబ్రరీలో ఒకమ్మాయి ఆ తప్పు సంఖ్యను ఉన్నదున్నట్టు ఎక్కించుకుని, కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీసుకుంది. ఆ నోట్సు ఇంకెంతమంది జిరాక్స్ తీసుకుంటారో! సవరణ వేయండి, అదే పేజీలో, కనబడేంత పెద్దగా. మీ కంప్యూటర్లో ఘాతాంకం పైకి ఎక్కకపోతే '2 ఘాతం 136279841, మైనస్ 1' అని మాటల్లో రాయండి.

— ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి