మంత్రగాడికి ఇనుప చొక్కా

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వడిగినదానికి ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను గానీ, పడుకున్నాక నిద్ర పట్టలేదు. మీ హాస్టల్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో విజార్డ్ (మంత్రగాడు) ఆడుతున్న అబ్బాయి చెయిన్ మెయిల్ (ఇనుప గొలుసుల కవచం) తొడుక్కుంటానంటున్నాడు, ఫైటర్ (యోధురాలు) ఆడే అమ్మాయి ముఖం ముడుచుకుంది, ఆట నడిపే డీఎంవి నువ్వు కాబట్టి ఒప్పుకోవాలా వద్దా అని మధ్యలో నలుగుతున్నావు. "రూల్ బుక్కులో ఏముందో చూడమ్మా" అన్నాను. అది జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం.

2001లో టెక్సస్‌లో ఎమ్మెస్ చదివేటప్పుడు మేం ఆడింది థర్డ్ ఎడిషన్. అప్పట్లో విజార్డ్ ప్రాణానికి నాలుగు ముఖాల పాచికే. నా మొదటి విజార్డ్‌కి నాలుగే హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం అంతే. రెండో వారమే గాబ్లిన్ అనే ఓ చిన్న రాక్షసుడి చేతిలో పోయాడు. ఆ కసి మీద రెండోవాడికి చెయిన్ షర్ట్ కొన్నాను. కవచం తొడుక్కున్న విజార్డ్ చెయ్యి కదిపి స్పెల్ (మంత్రం) వేస్తే నూటికి ఇన్నిసార్లు తప్పిపోతుందని ఆ ఎడిషన్లో లెక్క ఉండేది. లెదర్‌కి 10, చెయిన్ షర్ట్‌కి 20, ఫుల్ ప్లేట్‌కి 35. ఇరవయ్యే కదా అనుకున్నాను.

ఓ రాత్రి వంతెన మీద ఓగర్ అనే పెద్ద భూతం మా ఫైటర్‌ని మూలకి నెట్టేసింది. ఇద్దరూ కొనఊపిరితో ఉన్నారు. ఆ ఫైటర్ని ఆడుతున్న నా రూమ్మేట్ నావైపు చూశాడు. మ్యాజిక్ మిసైల్ వేస్తానన్నాను. గురి తప్పడమన్నదే లేని స్పెల్ అది. కానీ ముందు చొక్కా లెక్క తేలాలి. పది ముఖాల పాచికలు రెండు వేశాను. పదుల పాచిక టేబుల్ మీదే ఆగింది, 10. రెండోది జారి కార్పెట్ మీద పడి, కుర్చీ కాలి దగ్గర తిరిగి తిరిగి ఆగింది, 4. పద్నాలుగు. ఇరవై దాటితే చాలు, దాటలేదు. మరుసటి దెబ్బకి మా ఫైటర్ చచ్చిపోయాడు. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ రాత్రి అంట్లన్నీ నేనే తోమాను.

అయినా ఆ రూలంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కవచం కావాలన్నది నేను, దానికి ఎంత కట్టాలో తెలిసే తొడుక్కున్నది నేను. కాకపోతే ఆ ఖరీదు నా రూమ్మేట్ కట్టాడు. ఇన్నేళ్లయినా నాకు గుచ్చుకునేది అదే.

మీరు ఆడుతున్న 2014 పుస్తకాల్లో ఈ శాతాలు లేవు. ఆ కవచంలో శిక్షణ లేకపోతే స్పెల్ అసలు వెయ్యలేడు, ఉంటే ఏ అడ్డూ లేదు. ఆ అబ్బాయి ఫైటర్‌గా ఒక లెవెల్ మొదలుపెట్టి, ఆ తర్వాత విజార్డ్ అయ్యాడన్నావు కదా, కాబట్టి రూలు ప్రకారం అతని తప్పేం లేదు. చిక్కు ఎక్కడుందో నిద్ర పట్టక కాగితం మీద వేసి చూశాను. చెయిన్ మెయిల్‌కి 16, డాలుకి 2, మొత్తం 18. శత్రువు ఇరవై ముఖాల పాచిక వేసి, తన బలం కలిపి ఆ అంకెకి చేరితేనే దెబ్బ తగులుతుంది. మీ ఫైటర్ అమ్మాయిదీ అదే 18. ఓర్క్ అనే రాక్షస జీవి దాడికి 5 కలుపుతుంది, అంటే ఆమెను కొట్టాలంటే 13 పడాలి, ఇరవైలో ఎనిమిది అవకాశాలు. విజార్డ్ దగ్గర డాలు కాక షీల్డ్ అనే రక్షణ స్పెల్ కూడా ఉంది, దానికో 5. మొత్తం 23. ఓర్క్‌కి 18 పడితే గానీ తగలదు, ఇరవైలో మూడే. నిజమే, ఆ స్పెల్ రోజంతా వేసుకోలేడు. కానీ అసలైన గండం వచ్చిన ఆ నాలుగైదు రౌండ్లలో ముందు నిలబడే హక్కు ఎవరిదో చూడు. ఆ అమ్మాయి ముఖం ఊరికే ముడుచుకోలేదమ్మా.

ఒక్కటి మాత్రం అతనితో అనకు, ఇనుము మంత్రానికి అడ్డు అని. ఆ ఆటలోనే క్లెరిక్కులు (పూజారులు) మొదట్నుంచీ ఇనుము తొడుక్కునే చేతులెత్తి స్పెల్స్ వేస్తున్నారు. 1981 బేసిక్ రూల్స్‌లో ఎల్ఫ్ అనే పాత్ర ప్లేట్ మెయిల్ (ఇనుప రేకుల కవచం) వేసుకుని విజార్డ్ స్పెల్సే వేసేది. ఈ ఆటను కనిపెట్టిన గైగాక్స్, ఆర్నెసన్‌ల 1974 ఆటలోనూ ఎల్ఫ్‌కి మాయ కవచాల వరకు ఆ వెసులుబాటు ఉండేది. మరి మన భారతమో? సైంధవ వధ నాడు ద్రోణుడు దుర్యోధనుడికి మంత్రించి మరీ కవచం కట్టి అర్జునుడి మీదికి పంపుతాడు. మంత్రాన్నే కవచం అనే జాతి మనది, నారాయణ కవచం నాయనమ్మ రోజూ చదివేది, నీకు గుర్తుండే ఉంటుంది. విజార్డ్‌కి కవచం వద్దన్నది ఇనుము గుణం వల్ల కాదు, పక్కన కూర్చున్నవాళ్లకి ఓ పని మిగలాలని.

నేనైతే ఒప్పుకుంటాను. ఇప్పటికే రెండు క్యారెక్టర్లు పోగొట్టుకున్న పిల్లాడు, భయం సహజం. ఆ ఒక్క లెవెల్ ఫైటర్‌కి పెట్టినందుకు ఫైర్‌బాల్ అయిదో లెవెల్లో రావాల్సింది ఆరో లెవెల్లో వస్తుంది, అది చిన్న ఖరీదేం కాదు. దానికి తోడు నీ టేబుల్‌కి ఒక్క రూలు పెట్టు: ఒంటి మీద ఇనుము ఉన్నంతసేపు షీల్డ్ స్పెల్ పట్టదు. మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రం ఎలాగూ కవచం మీద పట్టదని పుస్తకంలోనే ఉంది, ఆ తీరునే దీనికీ పొడిగించడం. అప్పుడు ఇద్దరూ 18 దగ్గర ఉంటారు, ప్రాణం గట్టిదనం మాత్రం పది ముఖాల పాచిక ఉన్న ఆమెదే. అతను ఎప్పుడైనా చొక్కా విప్పేసి మంత్రాన్ని నమ్ముకోవాలనుకుంటే, మేజ్ ఆర్మర్ 13కి చురుకుదనం కలుపుతుంది, ఎనిమిది గంటలుంటుంది, షీల్డ్ కూడా పనిచేస్తుంది. ఏది కావాలో ప్రతి పొద్దునా అతనే తేల్చుకుంటాడు.

కానీ ఇదంతా అతనికి చెప్పకముందు ఆ ఫైటర్ అమ్మాయిని విడిగా కూర్చోబెట్టుకుని అడుగు. అందరి ముందూ అడిగితే "పర్లేదులే" అంటుంది. నా రూమ్మేటూ అలాగే అన్నాడు, ఆపై వారం నుంచి ఆటకి రాలేదు.

ఆమె ఏమందో ఆదివారం ఫోన్ చేసి చెప్పు. సున్నుండలు పంపుతున్నాం, అవి మీ టేబుల్‌కి అందరికీ సరిపోతాయి.

నాన్న