ట్యాపెట్ల మీద వేసిన డీఎల్‌సీ పూత ఊడిపోయింది

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నా ఫిర్యాదుకు మీరిచ్చిన జవాబు గురించి

నమస్కారం. ఇంజిన్లు విప్పి బాగుచేయడం నా వృత్తి. ఒక కస్టమర్ పెట్రోల్ ఇంజిన్ కోసం 18 బకెట్ ట్యాపెట్లకు (తిరిగే క్యామ్ నొక్కుడును వాల్వులకు అందించే గిన్నెల్లాంటి భాగాలు) మీ దగ్గర డీఎల్‌సీ, అంటే వజ్రం లాంటి గట్టి కార్బన్ పూత వేయించాను. 16 బిగించి, రెండు స్పేర్‌గా ఉంచుకున్నాను. 7,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజిన్ పైభాగం నుంచి టిక్ టిక్‌మని చప్పుడు మొదలైంది. ఆయిల్ ఫిల్టర్ కోసి, లోపలి కాగితం మడతలు విప్పి చూస్తే నల్లటి పొలుసులు కనిపించాయి. లైటు కింద కదిపితే గాజు పెంకుల్లా మెరిశాయి. హెడ్ కవర్ తీస్తే ఐదు ట్యాపెట్ల మీద పూత లేచిపోయి ఉక్కు బయటపడి ఉంది.

ఫొటోలు పంపితే మీరు రెండే ముక్కల్లో తేల్చేశారు: ఆయిల్లో మాలిబ్డినం అనే లోహం ఉంది, అదే పూతను తినేసింది, మాకు బాధ్యత లేదు అని.

ఈ జవాబును నేను ఒప్పుకోను. మాలిబ్డినం ఉన్న ఎంవోడీటీసీ అనే ఆయిల్ అడిటివ్, హైడ్రోజన్ కలిసిన డీఎల్‌సీని త్వరగా అరగదీస్తుందన్నది నిజమే. కానీ అరగడం వేరు, ఊడడం వేరు. అరిగితే క్యామ్ రుద్దుకునే చోట పూత కొద్దికొద్దిగా పలచబడుతుంది. ఇక్కడ భూతద్దం పెట్టి చూస్తే, గోడ పెచ్చు ఊడినట్టు మచ్చల అంచులు తెగి ఉన్నాయి. పైగా రెండు ట్యాపెట్లకు క్యామ్ అసలు తగలని అంచు దగ్గర కూడా పూత లేచింది. రాపిడే లేని చోట అరుగుదల ఎక్కడి నుంచి వస్తుంది?

అనుమానం మిగలకూడదని స్పేర్ ట్యాపెట్ ఒకదాన్ని ల్యాబ్‌కు ఇచ్చి రాక్‌వెల్ పరీక్ష చేయించాను. పూత పట్టును కొలిచే వీడీఐ 3198 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం వజ్రపు మొనతో 150 కిలోల బరువు మోపి గుంట పెడతారు. దాని చుట్టూ పూత ఎంత పగిలిందో, ఎంత ఊడిందో చూసి హెచ్‌ఎఫ్1 నుంచి హెచ్‌ఎఫ్6 వరకు గ్రేడు ఇస్తారు. 4 వరకు ఫర్వాలేదు. మీ ట్యాపెట్‌కు 6 వచ్చింది. దాని మీద ఇంజిన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా పడలేదు.

డీఎల్‌సీ పొర లోపల ఒత్తిడి ఎక్కువని, దాంతో అది లేచిపోవాలని చూస్తుందని నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే కింద క్రోమియం లాంటి లోహపు పొర వేసి పట్టు కల్పిస్తారు. ఉక్కు మీద జిడ్డు జాడ ఉన్నా ఆ పట్టు దొరకదు. నా ట్యాపెట్లకు శుభ్రం చేయడంలో లోపం జరిగిందో, కింది పొరలో జరిగిందో మీ రికార్డులే చెప్పాలి. రెండు మూడు మైక్రాన్ల పూతే కదా అని తీసిపారేయడానికి లేదు. అంత గట్టి పదార్థం పొలుసులై ఆయిల్లో తిరిగితే మెత్తటి బేరింగ్ లోహానికి గరుకు పొడితో సమానం. ఈ ఇంజిన్లో రెండు మెయిన్ బేరింగులకు గీతలు పడ్డాయి. ఈ పూత వేయిద్దామని కస్టమర్‌ను ఒప్పించింది నేనే. ఇప్పుడు ఆయనకు ఏం చెప్పాలో తెలియక చాలా టెన్షన్ పడుతున్నాను.

మీ బ్రోషర్ గురించి కూడా ఒక మాట. ట్యాపెట్ల పూతతోనే 15 శాతం మైలేజీ పెరుగుతుందని అందులో ఉంది. 2012లో హోల్మ్‌బర్గ్ అనే రాపిడి పరిశోధకుడి బృందం వేసిన లెక్క ప్రకారం కారు ఇంధన శక్తిలో ఇంజిన్ రాపిడికి పోయేది 11.5 శాతం. అందులో వాల్వుల భాగం 15 శాతమే, పిస్టన్ల వాటా 45. వాల్వుల రాపిడి మొత్తం మాయమైనా మీరు రాసిన మైలేజీ రాదు. సరిగ్గా వేసిన డీఎల్‌సీ నిజంగా మేలు చేస్తుంది, నేను కళ్లారా చూశాను. ఇలాంటి లెక్కల వల్ల ఆ మంచి పనికి కూడా చెడ్డపేరు వస్తుందని నా బాధ.

పూతకు తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వండి. బేరింగులు, ట్యాపెట్లు మార్చే ఖర్చు భరించండి. నా ట్యాపెట్లతో కలిపి అదే బ్యాచ్‌లో పూత వేయించుకున్న వారందరికీ వెంటనే కబురు చేయండి, వాళ్ల ఇంజిన్లు ఇంకా నడుస్తూ ఉంటాయి. పూత రకం, మందం, పట్టు పరీక్ష ఫలితం, వాడకూడని ఆయిల్ వివరాలు ప్రతి ఆర్డర్‌తో రాసి ఇవ్వండి. మాలిబ్డినం గురించి నాకు మొదటిసారి చెప్పింది ఫిర్యాదు చేశాకే.

ల్యాబ్ రిపోర్టు, ఫొటోలు జత చేశాను. రెండో స్పేర్ ట్యాపెట్ ముట్టుకోకుండా ఉంచాను. మీ మనిషి వస్తే ఇద్దరి ముందే పరీక్ష చేయిద్దాం. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. అప్పటివరకు ఇంజిన్ విప్పినది విప్పినట్టే ఉంచుతాను.

ఇట్లు,
మీ కస్టమర్, ఇంజిన్ మెకానిక్