పళ్ళు చూసేవాళ్ళు నిద్ర గురించీ అడగాలి

సంపాదకులకు నమస్కారం.

మా వైపు ఊళ్ళలో ఉచిత దంత శిబిరాలు బాగానే జరుగుతున్నాయి. మీ జిల్లా పేజీలో ఆ వార్తలు, ఫొటోలు చూస్తుంటాను. నోరు తెరిపించి, టార్చి వేసి, పుచ్చుపళ్ళున్నాయా, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా, గుట్కా అలవాటు ఉందా అని చూస్తారు. పేస్టు, బ్రష్షు చేతిలో పెట్టి పంపుతారు. మంచిదే. కానీ నేను వెళ్ళిన శిబిరాల్లో ఒక ప్రశ్న ఎవరూ అడగలేదు. రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతారా అని. అడిగినా ఆ మనిషికి తెలియదు లెండి. పక్కన పడుకునేవాళ్ళనే అడగాలి.

మాది కాళ్ల మండలం. రొయ్యల చెరువులే మా బతుకు. మా ఆయనకి వారంలో చాలా రాత్రిళ్ళు చెరువు గట్టు మీద షెడ్డులోనే పడక. వనామీ రకం రొయ్య వేసిన రైతులకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. పగలు ఎండకి చెరువు నీళ్ళలోని పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఆ పచ్చదనమే ఆక్సిజన్ వాడేసుకుంటుంది. తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకి కరెంటు పోయి, నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే రొయ్య పైకి తేలిపోతుంది. అందుకని మా ఆయన ఏరేటర్ల మోత వింటూ నిద్రపోతారు. మోత ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. ఒక్కోసారి మోత ఆగకపోయినా లేస్తారు.

ఇంట్లో పడుకున్న రాత్రుల్లో నాకు ఇంకో మోత వినపడేది. పొత్రం కింద ఇసక పడ్డట్టు కరకరమని. కాసేపు ఆగి మళ్ళీ మొదలు. భుజం తట్టి లేపితే "నేనా? ఎప్పుడు?" అనేవారు. మా అత్తగారు కడుపులో నులిపురుగులున్నాయని తేల్చేశారు. పళ్ళు కొరికితే ఇంటికి మంచిది కాదని కూడా అన్నారు. నులిపురుగుల బిళ్ళ వేశాం. బిళ్ళ వేసినా చప్పుడు చప్పుడే.

పొద్దున్నే లేచేసరికి కణతల దగ్గర నొప్పి. నిద్ర చాలక అనుకుని టీ తాగేవారు, బిళ్ళ వేసుకునేవారు. చెవి పోటంటే చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చెవిలో ఏమీ లేదన్నారు. తరువాత చల్లటి నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనడం మొదలైంది. అప్పుడు టౌనులో ఒక పళ్ళ క్లినిక్కుకి వెళితే రెండు దవడ పళ్ళకి రూట్ కెనాల్ చేసి క్యాపులు వేశారు. మేత బాకీకని పక్కన పెట్టిన డబ్బు అది. ఏడాది తిరక్కుండానే ఒక క్యాపు పింగాణీ పెచ్చు ఊడింది. మళ్ళీ వెళితే "గట్టివేవో కొరికుంటారు" అన్నారు. ఈయన చేగోడీలు తినడమే మానేశారండీ, ఇంకేం కొరుకుతారు? క్యాపు పని బాగా చేయలేదని నేననడం లేదు. కొత్త క్యాపు రాత్రిపూట దేనికింద నలగబోతోందో వేసేముందు కనుక్కోవాలి కదా అన్నదే నా బాధ.

తరువాత మా చెల్లెలు చెబితే ఇంకో దంతవైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పళ్ళ జోలికి వెళ్ళకముందే రెండు చేతుల వేళ్ళూ ఆయన దవడ మూలల మీద పెట్టి "గట్టిగా కరవండి, వదలండి" అన్నారు. రెండు వైపులా కండ ఉండలు కట్టినట్టు లేచింది. నా చేత కూడా తడిమి చూపించారు. ఆయన చేతికి అద్దం ఇచ్చి నాలుక బయటపెట్టమన్నారు. నాలుక అంచు పొడుగునా పళ్ళ అచ్చులు, వరసగా. బుగ్గ లోపలి వైపు పళ్ళు కలిసే చోట తెల్లటి గీత. ముందుపళ్ళ కొసలు అరిగి తిన్నగా, గీత గీసినట్టున్నాయి. అప్పుడు నా వైపు తిరిగి "అమ్మా, రాత్రి చప్పుడు వినపడుతుందా? గురక ఉందా? గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా?" అని అడిగారు. అన్ని చోట్లకీ ఆయన వెంట వెళ్ళాను. నన్ను ఒక మాట అడిగింది ఆవిడొక్కరే.

ఆవిడ చెప్పినవి నాకు అర్థమైనంతలో రాస్తున్నాను. దీన్ని ఇంగ్లీషులో బ్రక్సిజం అంటారు. నిద్రలో వచ్చేది ఎక్కువగా పలచటి నిద్రలో, మెదడు ఒక్క క్షణం మెలకువ వైపు వచ్చి మళ్ళీ సర్దుకునే సమయాల్లో వస్తుంది. టెన్షన్, సిగరెట్టు, మద్యం, పొద్దుపోయాక తాగే కాఫీ, టీలు దాన్ని పెంచుతాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని రకాల మాత్రల వల్ల కూడా రావచ్చు. అలాగని మాత్ర మనంతట మనం మానేయకూడదు, రాసిచ్చిన డాక్టరుకి చెప్పాలి. గురక బాగా ఉండి, పగలు కూర్చున్నచోటే కునుకు పట్టేస్తుంటే నిద్రలో ఊపిరి అడ్డుపడుతోందేమో పరీక్ష చేయించాలి. అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. పళ్ళు సరిగ్గా కలవడం లేదని అరగదీసి సరిచేస్తామంటే ఈ జబ్బుకి అది మందు కాదు, ఒప్పుకోవద్దన్నారు. పళ్ళని అరగదీసే పని ఏదైనా వెనక్కి తీసుకోలేనిదే కదా.

ఆయనకి పై పళ్ళకి నైట్ గార్డు చేసిచ్చారు. ముద్దలో పళ్ళ అచ్చు తీసుకుని, ల్యాబులో గట్టి యాక్రిలిక్‌తో చేయించిన పలక అది. "ఇది కొరకడాన్ని ఆపదు. పళ్ళకి బదులు ఇది అరుగుతుంది" అని ఆవిడ ముందే చెప్పేశారు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది. పూర్తిగా తగ్గిపోతుందని చెప్పి ఉంటే ఇంకో క్లినిక్కు వెతుక్కునేవాళ్ళం. ఇప్పుడా పలక వెలుతురుకి పట్టుకుని చూస్తే దవడ పళ్ళ చోట గీతలే గీతలు. అవన్నీ పళ్ళ మీద పడాల్సినవి.

దాన్ని వేడి నీళ్ళలో కడిగితే వంకర పోతుంది. చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో కడిగి డబ్బాలో పెట్టాలి. మా ఆయన ఆ డబ్బాని చొక్కా జేబులో వేసుకుని చెరువుకి పట్టుకెళ్తారు. గట్టు మీది కుక్కకి దొరక్కుండా షెడ్డులో మేకుకి తగిలించిన సంచిలో పెడతారు. ఆన్‌లైనులో దొరికే, వేణ్ణీళ్ళలో ముంచి కరిచే మెత్తటి రకం మా మరిది తెప్పించుకున్నాడు. కొద్ది రోజుల్లోనే నమిలి చిల్లు పెట్టేశాడు. అవును, అతనికీ ఉంది. అతనిదీ చెరువే.

పలకతోనే అయిపోలేదు. పగలు కూడా ఈయన దవడ బిగించే ఉంచుతారని అప్పుడు తెలిసింది. కొనుగోలుదారుతో ఫోనులో కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేటు మాట్లాడేటప్పుడు చూడాలి ఆ దవడని! పెదవులు మూసి ఉండాలి, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు, నాలుక కొస పై పళ్ళ వెనక ఆనించి ఉంచాలి, తినేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పంటికి పన్ను తగలాల్సిన పని లేదు అని డాక్టరమ్మ చెప్పారు. అది గుర్తుండటానికి ఏరేటర్ స్టార్టర్ పెట్టె మీద ఎర్ర టేపు ముక్క అంటించాం. దాని మీద కన్ను పడ్డప్పుడల్లా దవడ వదలాలి. పొద్దున్న నొప్పిగా ఉంటే వేడి గుడ్డ కాపడం. చీకటి పడ్డాక ఫ్లాస్కులో టీ బదులు మజ్జిగ. దానికి మాత్రం నాలుగు రోజులు అలిగారు. అన్నదమ్ములిద్దరూ రాత్రుళ్ళు వంతులేసుకున్నారు, ఒకరు గట్టు మీదుంటే ఒకరు ఇంట్లో. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదేనని నా అభిప్రాయం.

అయినా పూర్తిగా పోలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన రోజుల్లో చెరువులో పట్టుబడికొచ్చిన రొయ్య ఉంది. ఆ రాత్రులు పలక పెట్టుకున్నా నాకు చప్పుడు వినపడింది. దానికి దంతవైద్యులేం చేస్తారు.

పిల్లల గురించి ఒక మాట. చిన్నపిల్లలు చాలామంది నిద్రలో పళ్ళు కొరుకుతారు, ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ అదే పోతుంది. బళ్ళలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ తప్పకుండా వేయించాల్సిందే, అది నులిపురుగుల కోసం. పళ్ళు కొరుకుతున్నాడని ఇంట్లో మళ్ళీ మళ్ళీ వేయక్కర్లేదు. పిల్లాడికి నొప్పి ఉన్నా, గురక ఉన్నా డాక్టరుకి చూపించండి. మా అత్తగారు ఈ పేరా ఒప్పుకోరు.

మీ పత్రిక ద్వారా శిబిరాలు పెట్టేవారిని కోరేది ఇదీ. నమోదు కాగితంలో నిద్ర గురించి, గురక గురించి, పొద్దున్నే వచ్చే తలనొప్పి గురించి మూడు గళ్ళు చేర్చండి. భార్యాభర్తల్ని కలిసి రమ్మనండి. వేళ్ళతో దవడ కండ తడమడానికి, నాలుక అంచు చూడటానికి మెషీన్లు అక్కర్లేదు. భీమవరంలోనూ రాజమహేంద్రవరంలోనూ డెంటల్ కాలేజీలున్నాయి. మా మండలాల్లో శిబిరాలకి వచ్చే విద్యార్థులకి రాత్రి కాపలా ఉండే రైతుల్ని, చెరువుల మీద జీతానికుండే కుర్రాళ్ళని ప్రత్యేకంగా అడగమని చెప్పి పంపండి. నైట్ గార్డు తక్కువ ఖర్చులో చేయించగలిగితే ఇంకా మేలు. ఆ కుర్రాళ్ళు క్లినిక్కులో డబ్బు కట్టి చేయించుకోలేరు.

ఇంకొకటి. శిబిరం పొద్దున తొమ్మిదింటికి పెట్టకండి. మా వాళ్ళు గట్టు మీంచి వచ్చి అప్పుడే కన్ను మూసి ఉంటారు. మధ్యాహ్నం మూడు తరువాత అయితే అందరూ వస్తారు.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు భార్య,
కాళ్ల మండలం, పశ్చిమ గోదావరి జిల్లా