సోమవారం నుంచి ట్రెజర్ ఐలాండ్!

నాలుగు, ఐదు తరగతుల పిల్లల అమ్మానాన్నలందరికీ నమస్కారం.

సోమవారం నుంచి రోజూ ఆఖరి పీరియడ్‌లో స్టీవెన్‌సన్ ‘ట్రెజర్ ఐలాండ్’ చెబుతున్నాను. 1883లో పుస్తకంగా వచ్చిన నవల, 34 అధ్యాయాలు, ఈ వయసుకి మొత్తం చదవడం బరువే కాబట్టి తెలుగులో కథ చెబుతూ, మంచి పట్టుగా ఉన్న చోట ఆపి పిల్లల చేత రాయిస్తాను. యాపిల్ కోసం పీపాలోకి దిగిన జిమ్ అనే కుర్రాడికి ఓడలోవాళ్ళ కుట్ర వినబడుతుంది చూడండి, అక్కడ ఆపుతా. ఆ రాత్రి ఇంట్లో ‘నువ్వైతే ఏం చేస్తావ్?’ అని అడగండి, జవాబు మాత్రం మీరు చెప్పేయకండి.

ఈ కథ పుట్టిందే రచయిత సరదాగా గీసిన ఒక దీవి మ్యాప్ నుంచి. మన పిల్లలూ మన ఊరి మ్యాప్ గీస్తారు. శుక్రవారానికి ఒక తెల్ల కాగితం టీ డికాషన్‌లో ముంచి, ఆరబెట్టి పంపండి, అచ్చం పాత కాగితంలా ఉంటుంది.

జువ్వలదిన్నె వైపు సముద్రంలో చేపల వేటకెళ్ళే నాన్నలు, మావయ్యలు ఎవరైనా శనివారం 3 గంటలకి వచ్చి లంగరు, చుక్కాని, గాలివాటం గురించి పిల్లలకి చెబితే చాలా సంతోషం, నాకంటే మీకే బాగా తెలుసు. వచ్చేవాళ్ళు ఇక్కడే పేరు పెట్టండి.

కథలో చంపుకోవడాలు ఉన్నాయి, తగ్గించే చెబుతాను. అయినా ఎవరైనా భయపడితే వెంటనే ఫోన్ చేయండి.

మర్చిపోవద్దు: కాగితం శుక్రవారానికి!