కారుకి పక్కలు కూడా కనబడాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఆసుపత్రిలో నర్సుని. నెలలో సగం రోజులు రాత్రి డ్యూటీయే కాబట్టి నా కారు ఎక్కువగా తిరిగేది చీకట్లోనే. ఒక రాత్రి డ్యూటీకి బయల్దేరుతూ గేటులోంచి రివర్స్‌లో రోడ్డు మీదికి వచ్చాను. హెడ్‌లైట్లు గేటు మీద, రివర్స్ లైటు అవతలి గోడ మీద పడుతున్నాయి. కారు రోడ్డుకి పూర్తిగా అడ్డం తిరిగిన క్షణంలో ఒక బైకు వచ్చి నా తలుపుకి మూరెడు దూరంలో ఆగింది. ఆ అబ్బాయి నన్ను తిట్టలేదు. "మేడమ్, మీ బండి ఉన్నట్టే తెలియలేదు, ఖాళీ రోడ్డే అనుకున్నా" అన్నాడు. డ్యూటీకి వెళ్లాక కూడా చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అతను చెప్పింది నిజం. కారు లైట్లన్నీ ముందుకో వెనక్కో చూస్తాయి. పక్కన చిన్న ఇండికేటర్ ఉన్నా అది వేసినప్పుడే వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటేస్తాడు. అడ్డంగా ఉన్న ముదురు రంగు కారు అతని లైటు వెలుగులోకి వచ్చేసరికి బ్రేకు వేసే సమయం మిగలదు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. అమెరికాలో 1968 జనవరి నుంచి తయారయ్యే కార్లకి పక్కన మార్కర్ లైటు (కారు ఉందని పక్కనుంచి తెలిపే చిన్న లైటు) గాని, రిఫ్లెక్టర్ (పడిన వెలుగుని తిప్పికొట్టే బిళ్ల) గాని ఉండాలన్నారు. 1970 నుంచి రెండూ తప్పనిసరి చేశారు. ముందు మూలన పసుపు, వెనక మూలన ఎరుపు. ఆ రెండు రంగుల్ని బట్టి చీకట్లో కూడా కారు మొహం ఎటుందో, ఎటు కదలబోతోందో తెలుస్తుంది. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ వాహన నిబంధన మాత్రం 6 మీటర్ల కంటే పొడవైన వాహనాలకే ఈ లైట్లు తప్పనిసరి అంటుంది. చిన్న కార్లకి ఉన్నా సరే, లేకున్నా సరే. ఇది నాకు అర్థం కాదు. ఆ రాత్రి కనబడకుండా పోయింది లారీ కాదు, నా చిన్న కారే.

సరే, మనమే పెట్టించుకుందామని కార్లకి లైట్లు బిగించే అతని దగ్గరికి వెళ్లాను. పక్కకి లైటు కావాలన్నాను, అంతే. అతను తలుపుల కింద పొడవునా నీలం రంగు ఎల్ఈడీ స్ట్రిప్పులు అతికించి, అవి మిణుకుమిణుకుమనేలా పెట్టాడు. నీలం లైటు మెరిస్తే జనం అంబులెన్సో పోలీసో అనుకుని దారి ఇస్తారు. రోజూ అంబులెన్సుల్లోంచి మనుషుల్ని దింపుకునే నేను ఆ రంగుని నా కారుకి పెట్టుకుని తిరగలేను. మరునాడే తీయించి పసుపువి వేయమన్నాను. కానీ లోపల వైర్లు ఎలా కలిపాడో చూసుకోలేదు.

మూడు వారాలు గడిచాయి. వాన రాత్రి సగం దారిలో మీటరు లైట్లు ఆరిపోయాయి. హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి కదా అని ఇంటిదాకా వచ్చేశాను. దిగి చూస్తే వెనక లైట్లు లేవు, నంబర్ ప్లేటు లైటు లేదు. అంతదూరం వెనకవాళ్లకి కనబడకుండా వచ్చానన్నమాట! మీటరు లైట్లు, వెనక లైట్లు కూడా వెలిగించే పార్కింగ్ లైట్ల వైరుకి, దాన్ని కోయకుండా పైనుంచి క్లిప్పు నొక్కి కొత్త లైట్లు కలిపాడట. ఆ క్లిప్పులో నీరు దిగి చిలుము పట్టి షార్ట్ అయింది. కొత్త లైన్‌కి వేరే ఫ్యూజ్ లేదు కాబట్టి కారు అసలు ఫ్యూజే పోయింది. పక్కకి కనబడాలని వెళ్లినదాన్ని, వెనక కూడా కనబడకుండా పోయాను.

రెండోసారి ఒక పెద్దాయన దగ్గర దగ్గరుండి చేయించాను. తలుపుల్లో వద్దన్నారు. అద్దం దిగే చోటు, పైగా కొన్ని కార్లలో ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ ఉండేదీ అక్కడే. రేకుకి రంధ్రం చేస్తే తుప్పు పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ బంపర్ మూలలు ఎంచుకున్నారు. ఆ మూలల వెనకాల పార్కింగ్ సెన్సర్, వైర్ల కట్ట లేవని చూసుకున్నాకే డ్రిల్ పట్టారు. పార్కింగ్ లైట్ లైన్ నుంచే కరెంటు తీసుకున్నారు గాని కొత్త లైన్ మొదట్లోనే 2 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టారు. ఎల్ఈడీలకి అది చాలు. 5 వాట్ల మామూలు బల్బులు నాలుగు పెడితే దాదాపు 1.7 ఆంపియర్లు లాగుతాయి కాబట్టి 3 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాలట. ప్రతి అతుకూ టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే ట్యూబు తొడిగి, వేడి చేసి బిగించారు. కొన్ని కొత్త కార్లలో కంప్యూటర్ బల్బుల కరెంటుని కనిపెడుతూ ఉంటుందనీ, లోడు తేడా వస్తే వార్నింగ్ ఇస్తుందనీ, అందుకే ముందు వైరింగ్ బొమ్మ చూడాలనీ చెప్పారు.

ఆయన చెప్పిన ఇంకో పద్ధతి నాకు ఎంతో నచ్చింది. మార్కర్ బల్బు ఒక వైరుని పార్కింగ్ లైటుకి, రెండోదాన్ని ఎర్త్‌కి బదులు ఇండికేటర్ వైరుకి కలుపుతారు. పార్కింగ్ లైట్లు వేసి ఉంటే, మామూలప్పుడు ఇండికేటర్ బల్బు ఫిలమెంటే దీనికి ఎర్త్ అవుతుంది, మార్కర్ వెలుగుతుంది. ఇండికేటర్ వెలిగిన క్షణంలో రెండు వైపులా ఒకే వోల్టేజి వచ్చి మార్కర్ ఆరుతుంది. అంటే ఇండికేటర్ వేస్తే రెండూ ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. మా కారు ఇండికేటర్లు ఎల్ఈడీలు, ఫిలమెంట్ ఉండదు కాబట్టి కుదరలేదు. మామూలు ఎర్త్‌కే కలిపించాను.

లైట్ల పక్కనే రిఫ్లెక్టర్లు కూడా అతికించాను. బ్యాటరీ చచ్చిపోయి కారు దారి మధ్యలో నిలిచిపోయినా, ఎదుటివాడి లైటునే తిరిగి అతనికి చూపిస్తాయి. వైరు లేదు, ఫ్యూజ్ లేదు. లైట్లు వద్దనుకునే కార్ల కంపెనీలు కనీసం ఈ నాలుగు ముక్కలైనా ప్రతి కారుకీ ఎందుకు ఇవ్వవు?

మీ వాహనాల పేజీలో అలాయ్ వీల్స్ గురించి, టచ్ స్క్రీన్ల గురించి వివరంగా రాస్తుంటారు. ఒక వారం ఈ పక్క లైట్లకి ఇవ్వండి. ఏ రంగు ఎక్కడ పెట్టాలో, ఫ్యూజ్ ఎక్కడ రావాలో బొమ్మ వేసి చూపించండి. బిగించే వాళ్లు కూడా మీ పత్రిక చదువుతారు.

ఇట్లు,
రాత్రి డ్యూటీ చేసే ఒక నర్సు