రహీం సాబ్ వర్ధంతికి తలా ఒక చేయి వేసిన అందరికీ

మొన్న జూన్ 11న, ఒకప్పటి మన దేశపు ఫుట్‌బాల్ కోచ్, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ వర్ధంతి చేసుకున్నాం. పిల్లల మ్యాచులు ఆరు, పెద్దవాళ్లది ఒకటి, మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఒక పాత ఫొటో చుట్టూ కూర్చుని కబుర్లు. మొదలుపెట్టినప్పుడు మా చేతిలో ఉన్నది పన్నెండు వేల రూపాయలు, మూడు బంతులు, ఒక విజిల్. మిగతాదంతా మీరు పెట్టిందే. ఆ రోజు హడావిడిలో ఎవరికీ సరిగ్గా థ్యాంక్స్ కూడా చెప్పలేకపోయాను. అది మనసులో ఉండిపోయింది. పేర్లు రాయొద్దని చాలామంది అన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

అసలు ఇదంతా ఒక చిన్న ప్రశ్నతో మొదలైంది. మేం నలుగురం కలిసి రోజూ సాయంత్రం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తాం. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక బూట్లు విప్పుకుంటూ ఒక బాబు అడిగాడు, "సార్, మన హైదరాబాద్ ఎప్పుడైనా ఫుట్‌బాల్‌లో గెలిచిందా?" అని. వాడు అమాయకంగానే అడిగాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఐదేళ్లు వరసగా, 1950 నుంచి 1954 దాకా, బొంబాయి వెళ్లి రోవర్స్ కప్ గెలుచుకొచ్చిన టీమ్ హైదరాబాద్ సిటీ పోలీస్. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా క్లబ్ మోహన్ బగాన్‌ను ఓడించిన టీమ్ అది. ఆ టీమ్‌కు కోచ్ రహీం సాబ్. ఈ ఊళ్లో పుట్టి, ఉస్మానియాలో బీఏ చదివి, ఇక్కడి బడుల్లో పంతులుగా పనిచేసిన మనిషి. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి కూడా ఆయనే. ఇవేవీ మా పిల్లలకు తెలియవంటే తప్పు వాళ్లది కాదు, చెప్పని మాది.

దేశం సంగతికి వస్తే ఇంకా బాధ. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారు పతకాలు మనకు వచ్చింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది ఆయన టీమే. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియా మీద మనం 2-1తో గెలిచాం. స్టేడియమంతా మనకు వ్యతిరేకంగా అరుస్తుంటే, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు తెచ్చి ఫార్వర్డ్‌గా ఆడించారు రహీం సాబ్. ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది ఆ జర్నైల్‌దే. పది నెలలు తిరగకుండానే 1963 జూన్ 11న క్యాన్సర్‌తో ఆయన పోయారు. ఏషియన్ గేమ్స్‌లో ఆ బంగారం మళ్లీ మనకు రాలేదు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చాక కొందరికి పేరు తెలిసింది, సంతోషమే. కానీ సొంత ఊరి పిల్లలకు ఆయన సినిమా వల్ల తెలియాల్సిన మనిషి కాదు.

సరే, సాయం సంగతికి వస్తాను.

ముందు మాట్లాడుకున్న గ్రౌండ్ వారం రోజుల ముందు చేజారిపోయింది. అప్పటికే పన్నెండు టీమ్‌ల పిల్లలకు చెప్పేశాం. ఆ రెండు రోజులు మాకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. అప్పుడు మా వీధి చివరి బడి హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. జూన్ 12న బడులు తెరుస్తారు, ముందు రోజు గ్రౌండ్ ఇవ్వడమంటే మాటలు కాదు. ఆమె పూర్తిగా విని ఒక్కటే అడిగారు, "ఆయన టీచరా?" అని. అవునమ్మా అన్నాం. బీరువా తీసి గేటు తాళంచెవి చేతిలో పెట్టారు. మేడమ్, మీకు మా పిల్లలందరి తరఫున నమస్కారాలు. మర్నాడు ఉదయం మీ బడి ఆవరణలో ఒక్క కాగితం ముక్క కూడా లేకుండా ఊడ్చి ఇచ్చామని అనుకుంటున్నాం.

పదో తారీఖు రాత్రి వాన దంచికొట్టింది. పొద్దున ఐదింటికి వెళ్లి చూస్తే, రాత్రి వేసిన సున్నం గీతలు ఒక్కటీ లేవు. రెండు గోల్‌పోస్టుల ముందు మడుగులు. టింబర్ డిపో అన్న రెండు ట్రాలీల రంపపు పొట్టు పంపించి డబ్బులు తీసుకోలేదు. బురద సంగతి అలా తేలింది కానీ గీతలకు సున్నం లేదు, ఆ టైమ్‌కు దుకాణాలు తీయరు. అప్పుడు గ్రౌండ్ ఎదురింటి పెద్దమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ మా వైపు చూసింది. "ఏం బిడ్డా, గీతలు పోయినయా?" అంది. ఐదు నిమిషాల్లో డబ్బా నిండా ముగ్గుపిండి పట్టుకుని వచ్చింది, వెనకాల ఇంకో నలుగురు అమ్మలు. తాడు ఒక కొస మధ్యలో మేకుకు కట్టి, ఇంకో కొస పట్టుకుని తిరుగుతూ వేళ్ల సందుల్లోంచి పిండి జారవిడుస్తూ సెంటర్ సర్కిల్ వేసింది పెద్దమ్మ. నేను ఇరవై ఏళ్లుగా గ్రౌండ్లు చూస్తున్నాను, అంత గుండ్రని సర్కిల్ ఎక్కడా చూడలేదు. పిల్లలు కాసేపు దాన్ని తొక్కడానికి కూడా వెనకాడారు. పెద్దమ్మా, మీ అందరికీ దండం.

ఇక మ్యాచుల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఆ రోజుకు ప్రాణం అదే. రహీం సాబ్ హైదరాబాద్‌లో రకరకాల టోర్నమెంట్లు పెట్టేవారు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడేది ఒకటి, అలవాటు లేని కాలితో మాత్రమే ఆడేది ఒకటి. రెండు కాళ్లూ సమానంగా పనిచేయాలి, బంతి కాలి దగ్గర ఆగకుండా పాస్ కావాలి, అదీ ఆయన పట్టుదల. మేమూ అదే రూల్ పెట్టాం. మంచి కాలికి ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. ఆ కాలు బంతికి తగిలితే ఎదుటి టీమ్‌కు ఫ్రీ కిక్. మొదటి పావుగంట పిల్లలు నడక నేర్చుకుంటున్నవాళ్లలా తడబడ్డారు. మా దగ్గర అందరికంటే బాగా ఆడే కుర్రాడు వరసగా మూడుసార్లు పడ్డాడు. ఎప్పుడూ బెంచీ మీదే కూర్చునే చిన్నమ్మాయి మాత్రం, దాని ఎడమ కాలూ కుడి కాలూ ఒకటే కాబోలు, నెమ్మదిగా బంతిని తోసుకుంటూ వెళ్లి గోల్ కొట్టింది. బంతి గీత దాటిందా లేదా అని ఒక్క క్షణం అందరం ఊపిరి బిగబట్టాం. ముగ్గుపిండి అంటుకుని ఉంది బంతికి. దాటింది. వాళ్ల నాన్న గ్రౌండ్‌లోకి పరిగెత్తుకొచ్చేశాడు, రిఫరీ కూడా ఆపలేదు.

ఆ రిఫరీ అన్నకు కూడా చెప్పాలి. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లకుండా నేరుగా వచ్చి, ఏడు మ్యాచులకూ విజిల్ పట్టుకున్నాడు.

దూరం నుంచి వచ్చే పిల్లల్ని ఇద్దరు ఆటో అన్నలు పొద్దున తీసుకొచ్చి, రాత్రి ఇళ్ల దగ్గర దింపి వచ్చారు. పైసా తీసుకోలేదు. డీజిల్‌కైనా తీసుకోమని బతిమాలితే ఒకాయన కోప్పడ్డాడు కూడా. ఇది చూసినప్పుడు నాకు తులసీదాస్ బలరాం గారు గుర్తొచ్చారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేదింట్లో పుట్టిన పిల్లాడు. రహీం సాబ్ ఆయన ఆట చూసి ప్రాక్టీస్‌కు రమ్మంటే, అంత దూరం రోజూ ఎలా రావాలని దిగులుపడ్డారట. సైకిల్ అద్దెకు రహీం సాబే డబ్బులిచ్చారని బలరాం గారే చెప్పుకున్నారు. ఆ సైకిల్ తొక్కిన కుర్రాడే మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, జకార్తా బంగారం తెచ్చాడు. ఈ కథ మధ్యాహ్నం పిల్లలకు చెప్పినప్పుడు ఆటో అన్నలిద్దరూ వెనకాల నిలబడి విన్నారు.

మెల్‌బోర్న్ అంటే గుర్తొచ్చింది, అక్కడ ఉద్యోగం చేస్తున్న మన వరంగల్ తమ్ముడు ఎనిమిది కొత్త బంతులకు డబ్బులు పంపాడు. ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్ చూశాడట, మా ముఖం కూడా తెలియదు అతనికి. తమ్ముడూ, చల్లగా ఉండు.

బగారా అన్నం, దాల్చా వండిన క్యాటరింగ్ భాయ్, టెంటు, కుర్చీలు ఇచ్చిన అన్న, ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకుని రోజంతా ఎండలో కూర్చున్న నర్సు అక్క, రంగు డబ్బులు మాత్రమే తీసుకుని గోడ మీద రహీం సాబ్ పేరు తెలుగులో, ఉర్దూలో రాసిన పెయింటర్ అన్న... అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

చివరగా ఫొటో. సాయంత్రం నాలుగింటికి ఒక అక్క వచ్చింది, చేతిలో పాత టవల్‌లో చుట్టిన ఫ్రేమ్. వాళ్ల నాన్న పోలీసు శాఖలో చేసి రిటైరయ్యారట, చిన్నప్పుడు సిటీ పోలీస్ టీమ్ మ్యాచ్ ఒక్కటి కూడా వదిలేవారు కాదట. ఆయన పెట్టెలో దొరికిన టీమ్ ఫొటో అది. మూలల్లో చెద తిన్నది, మధ్యలో మాత్రం చెక్కుచెదరలేదు. ఆటగాళ్లు రెండు వరసల్లో, పక్కన కోటు వేసుకుని నిటారుగా నిలబడ్డ రహీం సాబ్. కింద ఉర్దూలో పేర్లు. మాలో ఎవరికీ చదవడం రాదు. రిటైర్డ్ ఉర్దూ మాస్టారు ఒకాయన కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి ఒక్కొక్క పేరే చదివారు. నూర్ మహమ్మద్ పేరు, అజీజుద్దీన్ పేరు వినిపించగానే వెనకున్న పెద్దాయన ఒకరు చప్పట్లు కొట్టారు. తర్వాత ప్రతి పేరుకూ పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. రహీం సాబ్ పేరు దగ్గరికి వచ్చేసరికి మాస్టారి గొంతు పట్టేసింది. మొదట ప్రశ్న అడిగిన బాబే ముందుకొచ్చి ఆ పేరు గట్టిగా చెప్పాడు.

అక్కా, మీ నాన్నగారి ఫొటోను మీ ఇంటికి భద్రంగా చేర్చాం. మీరు ఒప్పుకున్నారు కాబట్టి స్కాన్ చేయించాం, పెద్ద కాపీ ఒకటి బడికి ఇచ్చాం.

లెక్క కూడా చెప్పేస్తాను. ఖర్చులన్నీ పోను నాలుగు వేల మూడు వందల యాభై మిగిలాయి. దూరం నుంచి వచ్చే ఇద్దరు పిల్లలకు బస్ పాస్‌లు తీసుకున్నాం. మిగిలిన దాంతో చిన్న సైజు బూట్లు రెండు జతలు కొన్నాం, ఒక జత ఆ గోల్ కొట్టిన చిన్నమ్మాయికి. బిల్లులు నా దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఫొటో కాపీ కావాల్సినవాళ్లు సాయంత్రం ఐదున్నర తర్వాత గ్రౌండ్ దగ్గరికి రండి, అక్కడే ఉంటాం.